పేర్లకి కథలు కట్టే పెద్దమనిషి

"పిఠాపురానికి ఆ పేరెలా వచ్చిందో తెలుసాండీ, టీచరు గారూ?"

మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంటూ అడిగాడు ముసలాయన.

జ్ఞానమ్మ గారు జవాబు చెప్పలేరు. పక్షవాతంతో మాట పడిపోయి ఆరు వారాలైంది. అది తెలిసే అడుగుతున్నాడు, పెద్దమనిషి!

"పూర్వం ఆ ఊళ్ళో ఎవరొచ్చినా పీట వేసేవారండి. అందుకని పీటాపురం. ఓసారి ఓ బండ అల్లుడు గారు కూర్చున్నారు. పీట విరిగి దీర్ఘం పోయింది. ఆయన ఠప్పున పడ్డారు గనక 'ఠ' వచ్చింది. అప్పట్నించీ పిఠాపురం. ఆయ్!"

జ్ఞానమ్మ గారి ముఖం కందగడ్డ అయింది. బాగున్న ఎడంచెయ్యి దుప్పటిని పిసికేసింది.

పక్కనే ఉన్న కొడుకు ప్రేమ్ కుమార్‌కి ఒళ్ళు మండిపోయింది.

ముప్పై నాలుగేళ్ళు మిషన్ స్కూల్లో తెలుగు చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడ ముందా ఈ కోతలు?

ఇవాళ కొత్త కాదు. రాజమండ్రిలోని ఈ ఆసుపత్రిలో పదకొండు రోజులుగా ఇదే గోల.

మొన్న ఉప్మా. కొత్త కోడలు వండిపెడితే మావగారు ఒక్క ముద్ద తిని, "ఉప్పమ్మా" అనబోయి, గొంతు పట్టేసి "ఉప్మా" అన్నాడట.

నిన్న తణుకు. అసలు పేరు వణుకేనట. చలికాలంలో బోర్డు రాసేవాడి చెయ్యి వణికి 'వ' కాస్తా 'త' అయిందట.

సరిగ్గా పదింటికి వస్తాడు. దణ్ణం పెడతాడు. ఒక అబద్ధం చెబుతాడు. మళ్ళీ దణ్ణం పెట్టి పోతాడు.

వేరే ఎవరో పేషెంటు తాలూకు మనిషి, పొద్దుపోక తిరుగుతున్నాడనుకున్నాడు ప్రేమ్ కుమార్. ఎవరని ఒక్కసారీ అడగలేదు. ఫోనులోంచి తలెత్తితే కదా!

తల్లి నోట ఒక్క మాట వస్తే చాలని చర్చిలో ప్రార్థనలు చేయించాడు. పెద్ద పెద్ద డాక్టర్లకి చూపించాడు. రాలేదు. ఇప్పుడు ఆ దిగులు మీద ఈ ఎగతాళి ఒకటి.

"కా... కా..."

జ్ఞానమ్మ గారి గొంతులోంచి వచ్చింది. కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి.

ప్రేమ్ కుమార్ ఒక్క ఉదుటున లేచాడు.

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? మాట పడిపోయిన మనిషిని పట్టుకుని ఏడిపిస్తావా?"

ముసలాయన కంగారుగా నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"ఇందాకటిదాకా వాగావుగా! ఇప్పుడు నోరు పెగల్దేం?"

ఆయన తన గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. జ్ఞానమ్మ గారి వైపు చూపించాడు.

"నాటకాలా? నడు!"

భుజం పట్టుకుని మెట్లదాకా ఈడ్చుకెళ్ళాడు. వార్డంతా చూస్తోంది.

"రేపు ఇక్కడ కనబడ్డావంటే మర్యాద దక్కదు!"

ఆయన దణ్ణం పెట్టి, గోడ పట్టుకుని మెట్లు దిగాడు.

ప్రేమ్ కుమార్‌కి ఎంత తృప్తిగా అనిపించిందో! తల్లి పరువు కాపాడాననుకున్నాడు.

మర్నాడు పదైంది. జ్ఞానమ్మ గారు గుమ్మం వైపే చూస్తున్నారు. పదిన్నర దాకా చూసి, గోడ వైపు తిరిగిపోయారు.

నర్సు లోవలక్ష్మి వచ్చింది.

"సత్తిరాజు గారు రాలేదేంటండీ ఇవాళ?"

"ఎవరు, ఆ అబద్ధాలకోరా? నిన్నే తరిమేశాను."

ఆమె చేతిలో ట్రే కింద పెట్టేసింది.

"తరిమేశారా! ఆయన్ని డాక్టరు గారే రమ్మన్నారండి. మొదటిరోజే మీకు చెబితే, ఫోను చూస్తూ ఊఁ అన్నారు."

"ఆ చెత్త వాగడానికా?"

"చెత్తేనండి. కావాలనే చెబుతారు. మామూలుగా పలకరిస్తే నోరు తెరవనివాళ్ళు ఒళ్ళు మండితే తెరుస్తారు. మేడం గారికి తెలుగు మీద చెయ్యేస్తే మండుతుందని కనిపెట్టి ఆ కథలు కట్టారు. నిన్న ఏమైనా పలికారా?"

"ఏం పలకలేదు. కా, కా అని గొంతు పట్టేసింది."

లోవలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"'కాదు' అనబోయారండి!"

ప్రేమ్ కుమార్ ఒక్క క్షణం తెల్లబోయాడు. అయినా తగ్గలేదు.

"ఆ ముక్క నిన్న అతనే నాతో చెప్పొచ్చుగా! మూగాడిలా నిలబడ్డాడు."

"మీరు గట్టిగా అరిచారా?"

"అరవకుండా ముద్దు పెట్టుకోమంటారా?"

"కంగారు పెడితే ఆయనకి మాట రాదండి. మూడేళ్ళ క్రితం ఆయనకీ మాట పడిపోయింది. ఇదే వార్డులో ఉన్నారు. ఇప్పటికీ మనలా మాట్లాడలేరు. ఒక్కో కథ ఇంటి దగ్గర వందసార్లు వల్లించుకుని, తణుకు నుంచి బస్సెక్కి వస్తారు."

ప్రేమ్ కుమార్ చూపు నిన్న ఆయన దిగిపోయిన మెట్ల వైపు వెళ్ళింది.

గోడ వైపున్న జ్ఞానమ్మ గారు మెల్లగా ఇటు తిరిగారు. అంతా విన్నారు. ముఖం ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. ఎడంచెయ్యి ఎత్తి కొడుకు వైపు వేలు చూపించారు.

"వెధవా!"

స్పష్టంగా వచ్చింది. 'ధ'కి వత్తుతో సహా.

లోవలక్ష్మి డాక్టరు కోసం పరిగెత్తింది. ప్రేమ్ కుమార్ తల్లి కాళ్ళ దగ్గర కూలబడి, సిగ్గుతోనూ సంతోషంతోనూ భోరుమన్నాడు.

ఆ ఒక్క మాట కోసం పదకొండు రోజులు ఊరు దాటి వచ్చిన మనిషి మాత్రం, దాన్ని వినడానికి అక్కడ లేడు.