కంచం ఎరగని గుండె

ఇంటింటా కంచాలే గుండెకు కాపలా కాసే కాలమది. ఉప్పెక్కువైనా, నూనె ఎక్కువైనా తినేవాళ్ళను కంచమే కసిరేది. తిన్నదాన్ని బట్టి ఎవరి గుండె ఎలా ఉందో గోడమీద దీపాలు చూపేవి. కోటిలింగానికైతే ముద్దముద్దకీ చీవాట్లే. ఆయన భార్య శేషరత్నాన్ని మాత్రం ఏ కంచమూ పల్లెత్తు మాట అనలేదు. ఎలా అంటుంది? అందరూ లేచాక ఆవిడ కూరగిన్నెలోనే ఇంత అన్నమూ ఊరగాయ నూనె కలుపుకుని, నిలబడి తినేది.

ఒక పొద్దున చారుకు పోపు పెడుతుంటే ఆవిడకు దవడ లాగింది. ఒళ్ళంతా చెమటలు, ఆపైన ఆయాసం.

"గ్యాసేలేవే, కాస్త వాము నమిలెయ్. నీ దీపం పచ్చగానే ఉందిగా!" అన్నాడు కోటిలింగం.

"నే తిన్న ముద్ద ఎప్పుడన్నా చూసిందా ఆ దీపం? పొయ్యి కట్టేశా, పద ఆసుపత్రికి!"

ఇళ్ళ దీపాల కబురు అందే ఆసుపత్రి గుమ్మం కూడా ఆ పచ్చదీపాన్నే నమ్మింది. "మీ గుండె బాగుంది, ఇంటికి వెళ్ళండి" అని పలికింది. శేషరత్నం గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

"మనిషన్నవాళ్ళు వచ్చి నా గుండె చూసేదాకా లేవను. ఏం చేసుకుంటావో చేసుకో!"

ఆ కేకలకు డాక్టరమ్మ పరుగున వచ్చి అక్కడికక్కడే పరీక్ష చేసింది. "గుండెపోటే! నాళం పూడుకుపోయింది, వెంటనే తెరవాలి. మొండికేసి మంచి పని చేశావమ్మా" అంటూ చక్రాల మంచం మీద పడుకోబెట్టించింది.

కోటిలింగం కళ్ళు తుడుచుకుంటూ మంచం పక్కనే నడుస్తుంటే శేషరత్నం ఆయన చొక్కా పట్టి లాగింది.

"ఏడవకయ్యా. నేను ఇంటికొచ్చాక మొదటి కంచం నాది. వడ్డించేది నువ్వు."