కరెంటు పోని క్వార్టరు

"గ్రాఫిక్స్ కార్డు తీసెయ్, యూపీఎస్ పెట్టు," అన్నాడు పరంజ్యోతి, దుర్గ్‌లోని కంప్యూటర్ షాపతనితో. రెండూ కొనే డబ్బు లేదు.

కొడుకు ఇమ్మానుకి ఒళ్లు మండింది. ఆ కార్డు లేకపోతే ఇంక ఆడే గేము పేకాటే. ముప్ఫయ్యేళ్లు ఉక్కు ప్లాంటు కొలిమి దగ్గర కాగిన బుర్రకి ఇంతకన్నా ఏం తడుతుంది!

"డాడీ, మన ప్లాంటు క్వార్టర్లో కరెంటు ఎప్పుడైనా పోయిందేటి? యూపీఎస్సులు ఖుర్సీపార్ బస్తీవాళ్లకి. మనకెందుకు?" అని షాపతనికి వినబడేలా నవ్వాడు.

పరంజ్యోతి నవ్వలేదు. "వీఆర్ఎస్ తీసేసుకున్నాన్రా. వచ్చే నెల క్వార్టరు ఖాళీ చేసి ఖుర్సీపార్‌లోనే దిగుతాం."



షాపతను ఇమ్మాను చేతిలోంచి కార్డు డబ్బా మెల్లగా తీసుకుని, యూపీఎస్ మీద దుమ్ము దులిపాడు.

"ఖుర్సీపార్‌లో ఏ గల్లీ, తమ్ముడూ? మాదీ అక్కడే."