మైకు బంద్

పదకొండింటికి ఇంటర్వ్యూ. పదకొండూ ఐదయింది. ల్యాప్‌టాప్ తెర మీద సోమలింగం సేటు తెల్ల చొక్కా తొడుక్కుని, కళ్లజోడు సర్దుకుని, ముందుకు వంగి కూర్చున్నాడు. ఇవతల సూరత్ శివారు అమ్రోలిలోని ఒంటిగది ఇంట్లో ఉమాకాంత్ కొత్త వైర్‌లెస్ హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెమటలు కక్కుతున్నాడు. వాటికీ ల్యాప్‌టాప్‌కీ ఎంతకీ పొత్తు కుదరడం లేదు.

ల్యాప్‌టాప్ పాతది. దాని స్పీకరూ మైకూ ఎప్పుడో చచ్చిపోయాయి. హెడ్‌ఫోన్లు కలిస్తేనే ఇటు మాట అటూ, అటు మాట ఇటూ.

సోమలింగం ఒకప్పుడు సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన కూలీ. ముప్పై ఏళ్లు వాటి మధ్యే నిలబడి, ఇప్పుడు నలభై సాంచాలకు యజమాని అయ్యాడు. కరోనా దెబ్బకు బట్టల మార్కెట్ పడుకుంది. చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముదామని కంప్యూటర్ తెలిసిన మనిషి కోసం వెతుకుతున్నాడు. ఉమాకాంత్ పనిచేసిన దుకాణం లాక్‌డౌన్‌లో మూసినది మళ్లీ తెరవలేదు. ఈ నౌకరీ కూడా రాకపోతే మూటాముల్లె సర్దుకుని ఊరి బస్సెక్కడమే.

మాట కలిపింది మేనమామ సాంబయ్య, ఆ కార్ఖానాలోనే మేస్త్రీ. సేటు ఫోన్‌లో మాట్లాడడనీ, మాస్కులు కట్టుకుని వచ్చేవాళ్లను కలవడం మానేశాడనీ, వీడియోలోనే మాట్లాడాలనీ, అదీ మొహం మీద వెలుతురు పడేలా కూర్చోవాలనీ చెప్పాడు. ఎందుకో కూడా చెప్పబోయాడు.

"నాకెరుకే మామా, నాకు చెప్పేదేందే" అని ఉమాకాంత్ ఫోన్ పెట్టేశాడు. ముసలాయనకు కరోనా భయం, ఇంకేముంది! ఎవరేం చెప్పబోయినా అతనికి ముందే తెలిసిపోతుంది. అదో జబ్బు. దానికి టీకా ఇంకా రాలేదు.

బ్లూటూత్ ఆపాడు, పెట్టాడు. జాబితాలోంచి హెడ్‌ఫోన్ల పేరు తీసేసి మళ్లీ కలిపాడు. కలిసినట్టే కలిసి విడిపోయాయి. డ్రైవర్ పాతబడిందని తేల్చి, దాన్ని అప్‌డేట్ చేశాడు. చెవుల్లో చీమ చిటుక్కుమనలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ల్యాప్‌టాప్ చేసినవాణ్ని తిట్టాడు.

పక్కన కూర్చున్న భార్య జమున మెల్లగా అంది. "మీ జేబుల ఫోన్ ఉన్నది కదా, అవి దానికి అతుక్కున్నయేమో. జర అండ్ల బ్లూటూత్ బంద్ చేసి చూడుండ్రి."

"నువ్వు ఊకో. ఇది కూర తాలింపు కాదు."

తెర మీద సేటు కన్నార్పకుండా చూస్తున్నాడు. ఒక్క నిమిషం అన్నట్టు ఉమాకాంత్ వేలు చూపించాడు. తర్వాత మొహం నిండా నవ్వు పులుముకుని, ఆ నవ్వు చెదరకుండానే నోటికి పని చెప్పాడు.

"సూడు, గుడ్లగూబ లెక్క ఎట్ల సూస్తుండో. సాంచాల నడుమ ముసలోడైండు, కంప్యూటర్ మొహం ఎన్నడన్న సూసిండా? పదేండ్ల అనుభవం అని రాస్తే నమ్మిండు పాపం."

జమున అతని మోచెయ్యి పట్టి లాగింది. పెద్దమనిషి ఎదురుగానే ఉన్నాడు, తప్పు మాట్లాడొద్దని బతిమాలింది. అన్నం పెడతానని పిలిచిన మనిషిని అట్లా అనడానికి నోరెలా వచ్చిందని అడిగింది.

"మైకే బంద్ ఉంటే ఆయనకేం ఇనవడ్తది? ఆర్నెల్లు ఆగు, కార్ఖానా అంతా నా చేతిల ఉంటది. సేటు నన్నడిగి చాయ్ తాగాలె."

ఇక లాభం లేదనుకుంది జమున. అతని జేబులోంచి ఫోన్ లాగి బ్లూటూత్ ఆపింది. హెడ్‌ఫోన్ల బటన్‌ను నీలం దీపం మినుకుమినుకుమనేదాకా నొక్కి పట్టింది. ల్యాప్‌టాప్‌లో కలిపి, సౌండ్ సెట్టింగ్స్‌లో స్పీకర్ దగ్గరా మైకు దగ్గరా వాటి పేరే ఎంచింది. చెవిలో టింగుమంది. అంతా కలిపి అర నిమిషం పట్టలేదు.

"సూసినవా, నేను చేసిన అప్‌డేట్ ఇప్పుడు పట్టింది" అన్నాడు ఉమాకాంత్. సిగ్గు అనేది అతని ఇంటి దారి ఎన్నడూ తొక్కలేదు.

చేతులు జోడించి, సేటు తనకు తండ్రితో సమానమన్నాడు. ఆయన అనుభవం ముందు తన చదువు ఏపాటిదన్నాడు. జీతం ఎంతైనా సరే, ఆయన నీడలో ఉంటే చాలన్నాడు. మాటల్లో తేనె కారి తెర జిగటబడుతుందేమో అన్నంతగా మాట్లాడాడు.

సోమలింగం అంతా అయ్యేదాకా ఆగాడు. తర్వాత నోరు విప్పాడు. అది గొంతు కాదు, మిల్లు కూత. ఉమాకాంత్ గబగబా వాల్యూమ్ తగ్గించుకున్నాడు.

"తమ్మీ, నిన్నడిగి చాయ్ తాగే ఓపిక నాకు లేదు. నీ పక్కనున్న బిడ్డకు కంప్యూటర్ తెలుసు, మర్యాదా తెలుసు. ఆమెను సోమారం నుంచి పనిల చేరమను."

తెర నల్లబడింది.

ఉమాకాంత్ హెడ్‌ఫోన్లు తీసి తిరగేశాడు, బోర్లేశాడు. సెట్టింగ్స్ అన్నీ వెతికాడు. తిట్టినప్పుడు మైకు పనిచెయ్యలేదు, అది ఖాయం. మరి సేటు అక్షరం పొల్లుపోకుండా ఎట్లా అప్పజెప్పాడు? జమున సోమవారానికి ఏ చీర కట్టుకోవాలా అని పెట్టె తెరిచి చూసుకుంటోంది.

అతను సాంబయ్యకు ఫోన్ చేసి, హెడ్‌ఫోన్లే దొంగవనీ, బంద్ ఉన్నా మాట మోశాయనీ, లేకపోతే సేటు ఎట్లా వింటాడనీ లబోదిబోమన్నాడు. మొదటిసారి మామ మాటను మధ్యలో తుంచకుండా విన్నాడు.

"ఇనుడేందిరా, సాంచాల మోతకు ఆయన రెండు చెవులు పోయి పదేండ్లాయె, మనుషుల పెదవులు సూసే ముచ్చట పెడతడు."