టీపొడి గోత్రం

పెళ్లిచూపుల్లో ఇప్పుడు మొదట అడిగేది టీపొడి పేరే. అబ్బాయి వాళ్లదీ మా కుందన టీయేనని తేలగానే అమ్మ మిఠాయి పళ్లెం కింద పెట్టేసింది. పదిహేనేళ్లుగా మా జ్వరాలూ అలకలూ విని ఓపిగ్గా బదులిచ్చిన, మాట్లాడే టీ డబ్బా అది. ఒకే డబ్బా వాళ్లంతా ఒకే కుటుంబమని కంపెనీ అంటుంటే జనం నిజంగానే నమ్మారు. ఆ లెక్కన అతను నాకు అన్న.

"వావి తప్పుతుంది వదినగారూ," అంది అమ్మ అబ్బాయి తల్లితో.

వంటింట్లోంచి డబ్బా గొంతు సవరించుకుంది. "అంతా విన్నానమ్మా. మన సుభాషిణి ఇందాక అబ్బాయి మాటలకి నవ్విందిగా, అలా నవ్వి మూడేళ్లయింది. పిల్లని మేఘమాల టీ వాళ్లకి దత్తత ఇచ్చేద్దాం. గోత్రం మారిపోతుంది."

దత్తత రోజు డబ్బా వెక్కి వెక్కి ఏడ్చింది. పురోహితుడు మేఘమాల టీ నా చేతికిచ్చాడు. గుక్క తాగాను. అదే వగరు, అదే వాసన. కొత్త డబ్బా "రా తల్లీ" అంది, అచ్చం పాత గొంతుతోనే.

"రుచి వేరుగా ఉందా అమ్మా?" అని అడిగింది కాబోయే అత్తగారు.

గుమ్మం దగ్గర అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

"చాలా వేరుగా ఉందండీ," అని కప్పు ఖాళీ చేశాను.