మూడో ఫోన్

“అన్నా, మన పేపర్ ఇంకెవరో గూడ చదువుతున్నరు!”

దవాఖాన వరండాలో సుష్మ అరిచిన అరుపుకి గిరీశ్ ఉలిక్కిపడ్డాడు.

నాన్న చంద్రశేఖర్ చందా కట్టిన డిజిటల్ పేపర్ అది. నాన్న ఫోన్‌లో వస్తుంది, గిరీశ్ ఫోన్‌లో వస్తుంది. సుష్మ తన ఫోన్‌లో తెరవబోతే, ఇప్పటికే మూడు ఫోన్లలో నడుస్తోంది, ఇక కుదరదు పొమ్మంటోంది.

మూడోది ఎవరిది?

ఎవరిదైతేనేం, ఈరోజు తెరిచి తీరాలి. వాళ్ల ప్రకటన పడింది ఈరోజే. నాన్న ఫోన్ తెర పగిలి చిన్న అక్షరాలు కనబడవు, గిరీశ్ ఫోన్‌లో మిగిలిన కాస్త ఛార్జింగ్ ఆ ప్రకటన చూసి ఫోన్ చేసేవాళ్ల కోసం.

ఝరాసంగం మలుపు దగ్గర నాన్న బైకును లారీ గుద్దింది. ఎవరో ఆటోలో వేసుకొచ్చి జహీరాబాద్ దవాఖానలో దించి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. నాన్నకి ఇంకా తెలివి రాలేదు. లారీ ఓనరేమో, ‘సారే జారి పడ్డడు, మా లారీ తగల్నే లేదు’ అంటున్నాడు. కళ్లారా చూసినవాళ్లు లేకపోతే కేసు నిలవదని ఎస్సై తేల్చేశాడు. మలుపు దగ్గర ఎవర్నడిగినా నోరు విప్పడం లేదు.

అందుకే ఆ ప్రకటన: ‘మా నాన్నను కాపాడిన అన్నా, ఒక్కసారి మాకు ఫోన్ చేయండి.’

“పీకెయ్ ఆ మూడో ఫోన్‌ని,” అన్నాడు గిరీశ్. “ఎవడో పుణ్యానికి చదువుతున్నడు.”

సుష్మ పీకేసింది. ప్రకటన తెరుచుకుంది. ఇద్దరూ తలలు ఆనించి ఒక్కో అక్షరం చదువుకున్నారు.

అంతలో సుష్మ దగ్గరున్న నాన్న ఫోన్ మోగింది. పేరు లేని నంబర్. ఎవరో ఆడమనిషి.

“బిడ్డా, నా ఫోన్ల పేపర్ బందైంది. ఈ ఫోన్‌కు నంబరొస్తది, జర చెప్తవా?”

సుష్మకి ఒళ్లు మండిపోయింది.

“ఓటీపీనా? ఏటీఎం పిన్ గూడ చెప్పాల్నా?”

“అట్ల గాదు బిడ్డా. ఇయ్యాల్టి పేపర్ల ఏందో పడ్డదంట. నా కండ్లతోని సూస్కోవాలె. సార్ నాకు ఎరుకనే...”

“మీ దొంగలందరికీ సార్లు ఎరుకనే! ఇంట్ల మనిషి సావుబతుకుల్ల ఉంటే మేమే దొరికినమా మీకు?”

“అయ్యో! సార్‌కు ఇంకా...”

“పెట్టెయ్ ఫోన్! పోలీసులకు చెప్తా!”

తనే పెట్టేసి, ఆ నంబర్‌ని బ్లాక్ కూడా చేసింది.

“శభాష్!” అన్నాడు గిరీశ్.

ఆ రోజంతా గిరీశ్ ఫోన్‌ని చేతిలోంచి దించలేదు. ప్రకటన చూసి ఒక్కరూ చేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం మలుపు దగ్గరికి వెళ్లొచ్చి, నాన్న మంచం పక్కన కూలబడ్డాడు.

“చాయ్ హోటల్ బస్వమ్మను అడుగుదమని పోయిన. పొద్దుగాలనే తాళం ఏసి పోయిందంట. లారీ ఓనర్ మనుషులు బెదిరించిన్రంట. పిల్లల్ని తీస్కొని కర్ణాటక దిక్కు పోయింది. ఏ ఊరో ఎవ్వరికీ తెల్వదు.”

“ఆమె ఏమన్న చూసిందో ఏమో,” నిట్టూర్చింది సుష్మ.

మంచం కదిలింది. నాన్న కళ్లు తెరిచి ఉన్నాయి!

“నాన్నా!”

“బస్వమ్మకు...” గొంతు గీరినట్టుగా ఉంది. “బస్వమ్మకు చెప్పిన్రా, నేను బతికిన్నని?”

“ఆమెకెందుకు నాన్నా?”

“ఆటోల నా తల ఒళ్లె పెట్టుకొని ఈడిదాంక వచ్చింది ఆమెనే గదా.”

అన్నాచెల్లెళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

“మేము... ఎవరో అన్న అనుకొని పేపర్ల ఏయించినం నాన్నా,” అంది సుష్మ.

ఎండిన పెదాలతోనే నాన్న నవ్వాడు.

“పేపర్ల ఏయిస్తే సూసే ఉంటది లేవే. మన పేపర్‌ను ఆమె ఫోన్ల గూడ ఎక్కించింది నేనే.”