మునెమ్మ ముగ్గు

"జనం అన్నానికి క్యూ కడుతుంటే పిండి నేలపాలు చేస్తావేంది అవ్వా? ఆపు!"

సీతాపతి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అరిచాడు. తుపాను నాడు పట్టిన జలుబు. వాసనా తెలియదు, రుచీ తెలియదు. ముత్తియాల్‌పేట బడిలో పెట్టిన నిర్వాసితుల శిబిరానికి ఆయనే ఇన్‌ఛార్జి. ఆయనకు ముందు రూలు, తర్వాతే మనిషి.

సముద్రపొడ్డున వైతికుప్పంలో ఇడ్లీలమ్ముకునే మునెమ్మ తలెత్తలేదు. చేతికి ప్లాస్టిక్ కవరు కట్టుకుని, మరుగుదొడ్ల గోడ వెంబడి ముగ్గు లాగుతోంది.

"ముగ్గు మింద ఏ మొగోడూ ఉచ్చ పొయ్యడు సారూ. నీ బోర్డు యెవురు చదివినారు?"

నిజమే. మొన్నటిదాకా ఆ బోర్డు కిందే మడుగు.

"అంతా చీమలపాలు!"

"నా ముగ్గుకి చీమ రాదు. చూస్కో."

ఆమె కళ్ళు ధారగా కారుతున్నాయి. పాపం, కొట్టుకుపోయిన ఇల్లు గుర్తొచ్చిందేమో అనుకున్నాడు సీతాపతి. అయినా మెత్తబడలేదు.

"ముగ్గురు పిల్లలకి భేదులు. ఇంకొక్కరు పడ్డారంటే అందర్నీ సేదరపేట్ షెడ్డుకి తోలమని పైనుంచి చెప్పేసినారు."

"సముద్రం ఇడిసిపెట్టి మేం యాడికీ పోము. నీ గదిలో బ్లీచింగు మూట ఉండాదే, చల్లించు."

"పైనుంచి సంతకం రావాల."

"భేది నీ సంతకం కోసరం కాచుకోనుంటాదా? కొంపంటుకున్నాక బాయి తవ్వతావా?"

"మూట ముట్టుకుంటే పోలీసుల్ని పిలుస్తా!"

"పిలువు. దినామూ నీ గది ఊడ్చేది నేనే. వాళ్ళకీ చాప ఏసి పెడతా."

అమ్మో, ఏం నోరు! వారం రోజులూ ఆయన తిట్టాడు, ఆమె వేసింది. దొడ్ల చుట్టూ, కాలువ గట్టున, కుళాయి పక్కన. నాలుగో బిడ్డ మాత్రం పడలేదు.

శనివారం శిబిరం తనిఖీకి డాక్టర్ కవిప్రియ వచ్చింది. గాలి ఓసారి పీల్చి, మునెమ్మ వంక చూసి నవ్వింది.

"ఒక్క ఈగ లేదే! శిబిరం ఇక్కడే ఉంటుంది. సార్, ఇదిగో మీరడిగిన సంతకం. ఇక మూట విప్పండి."

సీతాపతి ఛాతీ విరుచుకుని గదిలోకి నడిచాడు. ఇన్నాళ్ళూ కంటికి రెప్పలా కాపాడిన మూట మరి. దాని కుట్టు కోసి లోపల చెయ్యి పెట్టాడు.

మూట నిండా వైతికుప్పం ఇసుక.