ఆరువందల ఇళ్ళు, ఒకే వరుస

కామా దగ్గర కోస్తే ఇంటి నంబరు రెండు ముక్కలవుతోంది. చుక్క దగ్గర కోస్తే మందు పేరు తెగిపోతోంది.

"మరెక్కడ కొయ్యాలి నాయనా?" అంది నర్సమ్మ, అతని భుజం మీంచి తెరలోకి తొంగిచూస్తూ.

"అదే చూస్తున్నానమ్మా. తొందరేం లేదు."

నర్సు ఉద్యోగం మానేసి పదేళ్ళయినా ఆమె అందరికీ నర్సమ్మే. పిల్లలతో ఒంటరిగా ఉండే తల్లులకు నెలనెలా పాలపొడి, సబ్బులు, మందులు పెట్టెల్లో సర్ది ఇంటికి పంపే చిన్న సంస్థను రెండు గదుల్లో నడుపుతోంది. పాత సాఫ్ట్‌వేర్ పాడైపోతూ పాడైపోతూ ఆరువందల ఇళ్ళ వివరాలను ఒకే పొడుగాటి వరుసగా కక్కింది. ఎవరి బిడ్డ ఎక్కడ మొదలవుతుందో, ఎవరి ఇల్లు ఎక్కడ ముగుస్తుందో దేవుడికే తెలియాలి. పోయిన నెల పెట్టెలన్నీ తారుమారయ్యాయి. ఏడేళ్ళ పిల్లాడింటికి నెలల పిల్లల డైపర్లు వెళ్ళాయి.

సరిగ్గా అప్పుడే వచ్చాడతను. ఏదో కంపెనీలో ప్రోగ్రామరు. గుర్తింపు కార్డు అడక్కముందే తీసి చూపించాడు. ఇలాంటి సంస్థలకు ఊరికే పనిచేసిపెట్టడం అలవాటట. ఇది నాలుగోదట.

"పేర్ల గురించి బెంగపడకు," అంది నర్సమ్మ మొదటిరోజే. "చాలామంది నోటికొచ్చిన పేరు చెబుతారు. బిడ్డ వివరాలూ చిరునామా కలిస్తే చాలు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఈ ఫైలు ఈ గది దాటకూడదు."

"దాటదమ్మా."

దాటలేదు కూడా. వస్తూనే ఫోను ఆమె బల్లమీద పెట్టేసి కూర్చునేవాడు. కాగితం ముక్క మీద కూడా ఏమీ రాసుకునేవాడు కాదు.

"రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే బ్రహ్మవిద్యేం కాదమ్మా. ఫలానా ఆనవాలు కనిపిస్తే అక్కడ కొయ్యమని కంప్యూటరుకి చెప్పడం. అంతే."

ప్రతి ఇంటి వివరమూ బిడ్డ పుట్టినతేదీతో మొదలవుతుంది. తేదీ కనిపిస్తే కొయ్యమన్నాడు. పన్నెండు వందల ముక్కలొచ్చాయి. సంస్థలో చేరిన తేదీ కూడా అచ్చం అలాగే ఉంది మరి. బిడ్డ ఒక ముక్కలో, ఇల్లు ఇంకో ముక్కలో.

"నేనైతే ఈపాటికి దీన్ని కిటికీలోంచి గిరాటేసేదాన్ని," అంది నర్సమ్మ.

అతను నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు.

మూడో ఆదివారం దారి దొరికింది. తేదీ పక్కనే 'పాప' అనో 'బాబు' అనో ఉంటేనే దానిముందు కొయ్యమన్నాడు. వరుస టపటపా తెగి, ఇంటికొకటి చొప్పున బుద్ధిగా నిలబడింది. నర్సమ్మ ఆనందంతో చప్పట్లు కొట్టింది.

"ఇంక లే నాయనా. కళ్ళు పోతాయి."

"పాలు పడని పిల్లలు ముగ్గురున్నారమ్మా. వాళ్ళకి తప్పుడు డబ్బా వెళ్ళకూడదు. నా కళ్ళతో చూసుకోవాలి."

మొదటిది చూశాడు. రెండోది చూశాడు. మూడోదాని దగ్గర ఆగిపోయాడు.

"ఏమైంది?"

"మా పాపకీ పాలు పడేవి కావు."

"ఇంట్లో..." అని ఆగింది నర్సమ్మ.

"ఎవరూ లేరమ్మా. మూడేళ్ళయింది."

ఆమె అతని తల నిమిరింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో ఎన్నో ఏడుపులు చూసిన మనిషి, కొంగుతో కళ్ళొత్తుకుంటూ పక్కగదిలోకి వెళ్ళిపోయింది. అతను ఆ ఒక్క ముక్కనే పెదవులు కదుపుతూ, బడిపిల్లాడు పాఠం వల్లెవేసినట్టు నాలుగుసార్లు చదువుకున్నాడు. తర్వాత కంప్యూటరు కట్టేశాడు.

మర్నాడు పెట్టెలు బయల్దేరాయి. వ్యాను నిండిపోయి ఒక్కటి మిగిలింది. పాలు పడని ఆ మూడో పాపది.

"నేనిచ్చేస్తానమ్మా," అన్నాడతను. "నా దారిలోదే."

"నీ రుణం ఎలా తీర్చుకోను నాయనా! ఆ పాప తల్లి ఎవరికీ తలుపు తియ్యదు. మన పెట్టె కనబడేలా పట్టుకో, తీస్తుంది."

మూడంతస్తులు మెట్లెక్కాడు. ఆఖరి తలుపు. అవతల ఏదో పాట కూనిరాగం తీస్తూ చిన్నపిల్ల పరిగెడుతోంది. అతను కాసేపు అది విన్నాడు. చొక్కా సర్దుకున్నాడు. పెట్టెను ముఖమంత ఎత్తుకి లేపి, మోచేత్తో తలుపు తట్టాడు.

తలుపుకున్న చిన్న రంధ్రం ఒక్క క్షణం చీకటైంది.

"పెట్టెనా? అమ్మయ్య! ఉండండన్నా, తీస్తున్నా."

ఒక గొళ్ళెం, రెండో గొళ్ళెం, గొలుసు ఒక్కొక్కటే ఊడి తలుపు తెరుచుకుంది.

మూడేళ్ళ కిందట అతని దెబ్బలకు తాళలేక పాపను చంకనేసుకుని పారిపోయి, పేరు మార్చుకుని బతుకుతున్న అతని భార్య, పెట్టె అందుకోవడానికి నవ్వుతూ రెండు చేతులూ చాచింది.